పదకొండో నంబరు గది పరుపు

పరుపుల కొట్టు, వెనక గది
మార్చి 4

దూదికి,

అమ్మ ఉత్తరం రాసిందంటే ఎవరో పోయారనుకుంటావు. ఎవరూ పోలేదు. అందరూ దిట్టంగా ఉన్నారు, నన్ను విసిగించేంత దిట్టంగా.

ఫోను చెయ్యొచ్చు కదా అంటావేమో. మన ఫోను మీ అక్క కుట్టుమిషను పక్కనే గోడకి ఉంది. పైగా నేను ఫోనులో గుసగుసలాడితే వీధి చివర బేకరీ వాళ్లు కూడా వచ్చి జవాబు చెబుతారు. అందుకే ఈ ఉత్తరం. నువ్వు కూడా ఇంటికి రాయకు. ఎదురుగా గడియారాలు బాగుచేసే మామయ్య పేరున రాయి. ఆయన తెచ్చిస్తాడు. చదవనని ఒట్టు కూడా వేశాడు. ఆయన ఒట్లు ఆయన గడియారాల్లాంటివే అనుకో, రోజుకి రెండుసార్లు నిజమవుతాయి.

అసలు విషయం. నువ్వు అక్క అనీ నేను దబ్బనం అనీ పిలిచే మహాతల్లికి మే 24కి ముప్ఫై నిండుతాయి. పన్నెండేళ్లుగా కొట్టు దాటి ఒక్కరోజు సరదాగా ఎక్కడికీ వెళ్లలేదు. శుక్రవారం నుంచి ఆదివారం దాకా దాన్ని నీ నగరానికి తీసుకొద్దామని. ముందుగా చెప్పకుండా, ఊరికే బస్సెక్కించేసి.

ఎంత మంచి అమ్మ అనుకుంటున్నావా? ఆగు.

పోయిన వారం బాబిన్ల డబ్బాలో నీ నగరం పటం దొరికింది. మడతలు చిరిగేంతగా చూసిన పటం. పని చేస్తూ చేస్తూ కిటికీలోంచి శూన్యంలోకి చూస్తోంది. మొన్న ఒక పరుపుకి మూడు మూలలే కుట్టింది. దీనికి నగరం పిచ్చి పట్టింది దూదీ. మందు ఒకటే. మూడు రోజులు నగరాన్ని తినిపించాలి, వెగటు పుట్టేదాకా.

కాబట్టి నువ్వు వెతకాల్సింది మంచి గది కాదు. నగరంలో ఉన్నవాటిలోకెల్లా చెత్త గది. పగలు తిరగడానికి కూడా అలాంటి చోట్లే చూడు. నువ్వు నక్షాలు గీయడం నేర్చుకుంటున్నావు కదా, టేపు పట్టుకుని అన్నీ కొలిచి మరీ రాయి. మీ నాన్న పోయినప్పటి నుంచి పరుపుకి అటు చివర పట్టుకునేది అదే. జంట పరుపు ఒక్కదాన్నే తిరగెయ్యలేను. ఎవరూ తిరగెయ్యలేరు. ఇంతకన్నా వివరించను.

తిండి మానకు.

మీ అమ్మ

—

హాస్టలు, రెండో అంతస్తు
మార్చి 17

అమ్మకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి భయమేసింది. మూడోసారి టేపు తీసుకుని బయల్దేరాను. పుట్టినరోజు బహుమతిగా కూతురికి నరకం కొనిపెట్టే తల్లి ఇంకెవరికైనా ఉందా అని మా తరగతిలో అడిగాను. లేదన్నారు.

చెప్పులరిగేలా తిరిగి ఏడు లాడ్జీలు చూశాను. మొదటి మూడూ నీ స్థాయికి తగవు, దుప్పట్లు ఉతికారు. నాలుగోదాంట్లో ఎలుక కనిపించింది కానీ శుభ్రంగా ఉంది. ఐదోదాని యజమానురాలు నాకు టీ ఇచ్చింది, అలాంటివాళ్లతో మన పని జరగదు. ఏడోది చూశాక మాత్రం వెతుకులాట ముగిసింది.

రైలు పట్టాల వెనక సందులో ఉంది. మూడో అంతస్తు, పదకొండో నంబరు. లిఫ్టు ఉంది, అందులో యజమాని సైకిలు పెట్టుకున్నాడు. కిటికీ తెరిస్తే పక్క మేడ గోడ, చెయ్యి చాపక్కర్లేదు, ముక్కు చాపితే చాలు. కుళాయి తిప్పితే దగ్గుతుంది, కక్కదు. రైలు వెళ్లినప్పుడల్లా అద్దంలో మనం ఇద్దరమవుతాం. ఇక పరుపు. అమ్మా, ఆ పరుపు గురించి ఎలా రాయను? దాని మీద టేపు అడ్డంగా పట్టి కొలిచాను, నడుమ పల్లం నాలుగుంబావు అంగుళాలు. పల్లం అనే మాట ఎవరో ఆ పరుపు మీద పడుకునే కనిపెట్టి ఉంటారు. లోపల దూది ముద్దలు కట్టి, పడుకున్నవాళ్ల వీపు మీద కొండల పటం గీస్తోంది. జంట పరుపే. ఇద్దరు పడుకుంటే ఇష్టం ఉన్నా లేకపోయినా నడుమ కలుసుకుంటారు.

యజమాని అడిగాడు, "ఎవరి కోసమమ్మా?"

"మా అక్క పుట్టినరోజుకి."

ఆయన తాళాల గుత్తి బల్ల మీద పెట్టి, నన్ను జాలిగా చూసి, "మీ ఇద్దరికీ మాటలున్నాయా?" అన్నాడు.

పగటి కార్యక్రమం కూడా తయారుచేశాను. శనివారం పొద్దున మ్యూజియం. బొమ్మలూ పటాలూ ఉండే వైపు కాదు, రాళ్ల గది. ఐదు వందల రాళ్లు, ప్రతి రాయి కిందా ఇది రాయి అని రాసి ఉంటుంది. తర్వాత మురుగునీటి శుద్ధి కేంద్రం, ప్రజలకు అనుమతి ఉంది, ఎవరూ వాడుకోవట్లేదంతే. ఆదివారం ఊరు చుట్టూ తిరిగే బస్సు, రెండున్నర గంటలు, ఎక్కిన చోటే దింపుతుంది.

శుక్రవారం మాత్రం నాకు మూడింటి దాకా పరీక్ష. మీరు బస్సు దిగి నేరుగా లాడ్జికి వెళ్లండి, నేను నాలుగింటికి వస్తాను.

ఒక్క మాట. దీని వల్ల అక్క మనసు మారుతుందని నీకు నమ్మకమేనా? నీలం చారల దిండుకి నడుం ఆనించి కూర్చుని ఇది రాస్తున్నాను. ఈ దిండే లేకపోతే మా హాస్టలు మంచాన్ని కూడా నీ జాబితాలో చేర్చేదాన్ని. కానీ ఇంత చేసి, అక్కకి ఈ నగరం అలాగే నచ్చితే?

నీ దూది

—

పరుపుల కొట్టు
మార్చి 24

దూదికి,

గది భేషుగ్గా ఉంది. ఖాయం చెయ్యి.

ఇప్పుడు నీలం చారల దిండు సంగతి చెప్పు. ఆ దిండు జనవరిలో నేను దబ్బనానికి కుట్టిచ్చాను. దారం మిల్లుకి వెళ్లొస్తాను, బస్సులో మెడ పట్టేస్తోంది అంటే. మూలకి నాలుగు కుట్లు, అడుగున తెల్ల దారం, అలాంటిది లోకంలో ఒక్కటే ఉంది. తిరిగొచ్చాక దిండేదే అంటే బస్సులో పోయిందంది. నేను బస్సు డిపోకి వెళ్లి ఒక కండక్టరుతో గొడవ కూడా పెట్టుకున్నాను. పాపం అతను దిండు దొంగ కాదని ఇప్పుడు తెలిసింది.

దారం మిల్లు తూర్పున. నువ్వు పడమట. బస్సులో పోయిన దిండు నీ నడుం కిందికి ఏ దారిన నడిచొచ్చింది?

నీకు చిన్నప్పటి నుంచీ అబద్ధం చెప్పడం రాదు. నిజం దాచడం మాత్రం ఎప్పుడు నేర్చుకున్నావో. ఉత్తరంలో కొత్త కొత్త మాటలు ఎక్కువైనప్పుడే నాకు అనుమానం వచ్చింది. దూది ఎక్కువ కూరిన పరుపులో ఎక్కడో కన్నం ఉంటుంది.

రాయి.

అమ్మ

—

హాస్టలు
ఏప్రిల్ 2

అమ్మకి,

ఒక దిండు నన్ను పట్టిస్తుందని కలలో కూడా అనుకోలేదు. నేరస్థుల్ని పట్టుకునేవాళ్లు నీ దగ్గర పాఠాలు నేర్చుకోవాలి.

సరే. అక్క జనవరిలో దారం మిల్లుకి వెళ్లలేదు. ఇక్కడికొచ్చింది. రైలు పెట్టెల్లో సీట్లు తయారుచేసే కర్మాగారం ఒకటి ఉంది, వాళ్లు మనుషులు కావాలని ప్రకటన వేశారు. పరీక్షకి ఒక పాత సీటు ఇచ్చి మళ్లీ కట్టమన్నారట. మిగతావాళ్లు ఇంకా మేకులు పీకుతుంటే అక్క పని ముగించి చేతులు కడుక్కుంది. పెద్ద మేస్త్రీ ఆ సీట్లో కూర్చున్నాడు, లేచాడు, మళ్లీ కూర్చున్నాడు, ఇక లేవలేదు. అక్కడే కూర్చుని పేరు రాసుకున్నాడట. కొత్త సీట్లకి నమూనాలు తయారుచేసే విభాగంలో ఉద్యోగం. మే 26, సోమవారం చేరాలి. అంటే పుట్టినరోజుకి రెండు రోజుల తర్వాత.

ఎందుకక్కా ఇది, పరుపులు నీకు ఇష్టమే కదా అని అడిగాను. "ఇష్టమే. కానీ పరుపు మీద మనుషులు నిద్రపోతారు, ఎలా ఉందో నాకెప్పుడూ తెలియదు. సీటు మీద కూర్చున్నవాళ్ల మొహం చూడొచ్చు" అంది. ఇది చెబుతున్నప్పుడు దాని మొహం నువ్వు చూడాల్సింది.

నీకు చెప్పాలని నా అద్దం ముందు నిలబడి అభ్యాసం చేసింది. అమ్మా, ఒక మాట, అని మొదలుపెట్టేది. అద్దంలో నువ్వే కనిపించేదేమో, ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయేది. పోయిన వారం ఫోనులో నాకొకటి చెప్పింది. ఉద్యోగానికి రాలేను అని ఉత్తరం రాసేసిందట. పోస్టు చెయ్యడానికి చెయ్యి రాక మిషను సొరుగులో పెట్టుకుంది. ఎందుకక్కా అంటే, "పరుపు తిరగెయ్యడానికి ఇద్దరు కావాలే" అంది. అంతే. ఫోను పెట్టేసింది, నువ్వు కొట్లోకి వస్తున్నావట.

అదీ సంగతి. నువ్వు దాన్ని నగరం నుంచి కాపాడాలని చూస్తున్నావు. అది నిన్ను పరుపు బరువు నుంచి కాపాడాలని చూస్తోంది. మధ్యలో నేను టేపు పట్టుకుని లాడ్జీలు కొలుస్తున్నాను.

ఆ సొరుగు జోలికి వెళ్లకు. నేను చెప్పానని దానికి తెలియకూడదు.

దూది

—

పరుపుల కొట్టు
ఏప్రిల్ 6

దూదికి,

నీ ఉత్తరం అందింది. దూది మూటలు దిగాయి, పని ఉంది.

అమ్మ

అమ్మాయీ, నేను గడియారాల మామయ్యని. ఇది నేను చదవలేదు, కవరు దానంతటదే తెరుచుకుంది. మీ అమ్మ రెండు రోజుల నుంచి ఎవరితోనూ దెబ్బలాడటం లేదు. వీధంతా బెంగపెట్టుకుంది.

—

హాస్టలు
ఏప్రిల్ 22

అమ్మకి,

పదహారు రోజులైంది. నువ్వు రాసింది ఎనిమిదే ఎనిమిది మాటలు, అందులో మూడు దూది మూటల గురించి.

నువ్వు అరుస్తావనుకున్నాను. అరిస్తే నాకు జవాబులు సిద్ధంగా ఉన్నాయి, వరసగా రాసిపెట్టుకున్నాను కూడా. ఊరుకుంటే ఏం చెయ్యాలో తెలియడం లేదు.

అమ్మా, ఆ పదకొండో నంబరు గది వద్దు. మానేద్దాం. నేను కొలిచి, నవ్వుకుంటూ రాసిన మాట నిజమే. అప్పుడది ఆట. ఇప్పుడు ఆలోచిస్తే సిగ్గుగా ఉంది. తన పుట్టినరోజున, పడుకోవడానికి కూడా పనికిరాని గదిలో అక్క కూర్చుని, ఇదేగా నేను రావాలనుకున్న ఊరు అనుకుంటుంది. ఆ ఉత్తరం పోస్టు చేసేస్తుంది. నువ్వు గెలుస్తావు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లు కిటికీలోంచి చూస్తూ పరుపులకి మూడేసి మూలలు కుడుతుంది. నాలుగో మూల నువ్వు కుట్టుకో.

నదికి ఎదురుగా ఇంకో హోటలు చూశాను. మంచివాళ్లు. గది కూడా వెలుతురుగా ఉంది. ఊళ్లో గాజు మేడ ఒకటుంది, మీదికి లిఫ్టులో తీసుకెళ్తారు, పైనుంచి ఊరంతా కనిపిస్తుంది. పడవలున్నాయి. నేను నీ కూతుర్నే, మొండితనం నాకూ వచ్చు. నువ్వు ఊఁ అనేదాకా ఆ లాడ్జి వాడికి గది ఖాయమని చెప్పను.

కోపంగా రాశాను. కొట్టేసి మళ్లీ రాయను.

దూది

—

పరుపుల కొట్టు
మే 9

దూదికి,

కోపం బాగుంది. నీకు ఇన్నాళ్లూ మీ నాన్న పోలికే వచ్చిందనుకున్నాను.

ఇప్పుడు నేను చెప్పేది విను. గది మారదు. పదకొండో నంబరే. వెంటనే వెళ్లి ఖాయం చెయ్యి. నువ్వు చెయ్యకపోతే గడియారాల మామయ్య చేత చేయిస్తాను, ఆయన లాడ్జి వాడికి మన వంశచరిత్రంతా చెబుతాడు. రాళ్ల గదీ, మురుగునీళ్లూ మానేద్దాం. శనివారం నీ ఇష్టం, మేడలెక్కిస్తావో పడవలెక్కిస్తావో. పడుకునేది మాత్రం ఆ గదిలోనే. ఎందుకని అడగొద్దు. అడిగినా చెప్పను.

దబ్బనానికి నిన్న చెప్పాను, నిన్ను చూసొద్దామని. ఒక్క క్షణం కళ్లు వెలిగాయి, వెంటనే ఆర్పేసుకుంది. "కొట్టెవరు చూస్తారమ్మా?" అంది. "మూడు రోజులు ఊరు నేల మీద పడుకుంటుందిలే" అన్నాను. "నీ నడుముకి బస్సు ప్రయాణం పడుతుందా?" అంది.

నా నడుము భేషుగ్గా ఉంది. ఈ సంగతి నువ్వు కూడా గుర్తుపెట్టుకో. ఎవరైనా అడిగితే చెప్పు. అడగకపోయినా చెప్పు.

కేకు నువ్వు తీసుకురా. నేను సామాన్లతో వస్తాను.

అమ్మ

—

హాస్టలు
మే 28

అమ్మకి,

నువ్వు క్షేమంగా చేరావని మామయ్య ఫోను చేసి చెప్పాడు. నువ్వు దిగగానే రిక్షా అతనితో దెబ్బలాడావట. వీధి ఊపిరి పీల్చుకుందట.

అక్క సోమవారం పనిలో చేరింది. పొద్దున్నే లేచి మూడుసార్లు జడ వేసుకుని మూడుసార్లు విప్పింది. సాయంత్రం తిరిగొచ్చి, చెప్పులు విప్పకుండానే నా కుర్చీని తిరగేసి కింద ఎలా కట్టారో చూసింది. నా కుర్చీ ఇప్పుడు నాలుగు ముక్కలుగా ఉంది. ఆదివారం బాగుచేస్తానంటోంది, అప్పటిదాకా నేను నేల మీద కూర్చుని నక్షాలు గీస్తున్నాను.

ఇక నాకు జవాబు కావాలి.

శుక్రవారం నాలుగింటికి నేను కేకు పట్టుకుని మూడంతస్తులెక్కి వచ్చాను. నన్నెలాంటి దృశ్యానికి పిలిచావో తెలుసా? తలుపు మూసి ఉంది. బయట లాడ్జి యజమాని పిడికిలితో బాదుతున్నాడు, "ఏమండీ, లోపల ఏం జరుగుతోందండీ" అని. తలుపు కింది నుంచి దూది బయటికి వస్తోంది. నువ్వు తలుపు తీశావు. నీ కనుబొమలు తెల్లగా ఉన్నాయి. గదంతా మేఘం. ఆ మేఘంలో అక్క నేల మీద కూర్చుని, ముక్కు ఎర్రగా, చేతిలో దబ్బనంతో, ఆ దిక్కుమాలిన పరుపుకి ఆఖరి మూల కుడుతోంది. నాలుగో మూల. యజమాని నోరు తెరిచేలోపు నువ్వు అతన్ని భుజం పట్టి తెచ్చి పరుపు మీద కూర్చోబెట్టావు. అతను కూర్చున్నాడు. తర్వాత పడుకున్నాడు. లేచి, "మిగతా గదుల్లో కూడా..." అని మొదలుపెట్టాడు. "నడు బయటికి" అన్నావు నువ్వు.

ఆ పరుపు మీదే కూర్చుని కేకు తిన్నాం. శనివారం గాజు మేడ మీద నుంచి ఊరంతా చూసి అందరూ ఆహా అంటుంటే, నువ్వు మాత్రం "ఎన్ని కిటికీలో. ఎన్ని పరుపులో" అన్నావు. ఆదివారం నీ సంచిలోంచి అక్క పని బట్టలు, కత్తెర, దాని టీ కప్పు తీసి నా మంచం మీద పెట్టి బస్సెక్కావు. అక్కని అడిగితే, "అమ్మ వెళ్లమంది" అంటుంది, ఇంకేమీ చెప్పదు. నీకు నిజం చెప్పిన నేరానికి నాకు ఆ మాత్రం హక్కు లేదా?

ఇదిగో, అక్క ఉత్తరం లాక్కుంటోంది.

అమ్మా, ఇక్కడ పెద్ద సీటుకి అటు చివర పట్టుకునే మనిషికి ఒకటీ రెండూ మూడూ అనడం రాదు. మూడు అనకుండానే ఎత్తేస్తాడు. నేర్పిస్తున్నాను. — దబ్బనం

చూశావుగా. రాయి.

దూది

—

పరుపుల కొట్టు
జూన్ 3

దూదికి,

చెబుతాను. చదివాక నన్ను తిట్టుకో, ఫరవాలేదు.

నువ్వు వెళ్లొద్దన్న సొరుగు దగ్గరికి నువ్వు చెప్పిన రోజే వెళ్లాను. వెళ్లొద్దంటే వెళ్లనిదాన్నా నేను? బాబిన్ల కింద ఉంది, కవరు అంటించలేదు. చదివాను. ఏం రాసిందో తెలుసా? మా అమ్మకి నడుము బాగా దెబ్బతింది, ఒంటరిగా పని చేసుకోలేదు, అందువల్ల రాలేకపోతున్నాను, క్షమించండి, అని. నా నడుము. ముక్కూ మొహం తెలియని పెద్ద మేస్త్రీకి నా నడుము గురించి రాస్తుందా? నేను రెండు రోజులు మాట్లాడలేకపోయింది దుఃఖంతో అనుకున్నారు అందరూ. ఒళ్లు మండి.

ఆ మంట చల్లారాక ఇంకో ఆలోచన వచ్చింది. ఇది మంచి ఆలోచన కాదు, అయినా రాస్తున్నాను. బయల్దేరే రోజు ఆ ఉత్తరం తీసి నా సంచిలో వేసుకున్నాను. నగరంలో నేనే పోస్టు చేద్దామని. దానికి చెయ్యి రాకపోతే నా చెయ్యి ఉందిగా. బస్సు దిగగానే ఎర్రడబ్బా కనిపించింది. దాని ముందు నిలబడ్డాను కూడా. దబ్బనం వెనక నుంచి, "అమ్మా, సంచి ఇటివ్వు, నీ నడుము" అంది. మళ్లీ నడుమే. కోపంతో ముందుకు నడిచేశాను. డబ్బా వెనకబడిపోయింది.

గదికి వచ్చాం. నువ్వు రాసింది తక్కువ. కుళాయి నన్ను చూసి దగ్గింది. నేను దబ్బనం మొహమే చూస్తున్నాను, వెగటు ఎప్పుడు పుడుతుందా అని. అది కిటికీ తెరిచి, ముక్కు గోడకి ఆనించి, "రైలు వాసన వస్తోందమ్మా" అంది, సంతోషంగా. అప్పుడే నేను ఓడిపోయాను. ఒప్పుకోలేదంతే.

తర్వాత పరుపు మీద కూర్చున్నాను. పల్లంలోకి జారాను. లేవలేకపోయాను. అది చెయ్యి అందించి లేపింది. ఇద్దరం ఆ పరుపుని చూశాం. దూదీ, ముప్ఫై ఏళ్ల అనుభవం ఉన్న మనిషీ, పన్నెండేళ్ల అనుభవం ఉన్న మనిషీ అలాంటి పరుపుని చూసి ఏం చెయ్యగలరు? అది నన్ను చూసింది. "తెచ్చావా?" అంది. దబ్బనం, పురికొస లేకుండా నేను గడప దాటనని దానికి తెలుసు. కుట్లు విప్పేశాం.

లోపల ఏమున్నాయో చెబితే అన్నం తినవు. ఒక మేజోడు కూడా ఉంది. దూదంతా నేల మీద పోసి చేత్తో ఏకాం. ఏకుతూ, దాని మొహం చూడకుండా అడిగాను.

"సీట్లకి దూది వాడతారా, స్పాంజి వాడతారా?"

దాని చేతులు ఆగిపోయాయి.

"దూదే చెప్పిందా?"

"దిండు చెప్పింది."

చాలాసేపు ఏకాం. తర్వాత మెల్లగా అంది, "నేను వెళ్లనమ్మా. రానని రాసేశాను."

"ఏమని రాశావు?"

నేను సంచిలోంచి ఆ ఉత్తరం తీశాను. దాని మొహం పాలిపోయింది. "నా నడుముకేమైందే?" అన్నాను. "చెప్పు. ఏ ఎముక? ఎప్పట్నుంచి?" నవ్వాలో ఏడవాలో తెలియక ముక్కు చీదింది. "ఇటు చీదకు, దూది తడుస్తుంది" అన్నాను.

పరుపులో సగం దూది పరిచి ఉంది. ఆ ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి, నడుమ, ఎక్కడైతే నాలుగుంబావు అంగుళాల పల్లం ఉందో సరిగ్గా అక్కడ పెట్టి, మిగతా దూది దాని మీద కప్పేశాను. "కుట్టు" అన్నాను. అది నన్నే చూస్తూ ఉండిపోయింది. "చూస్తావేం? పల్లం పూడాలంటే కాస్త ఏదైనా కూరాలి. కుట్టు."

మూడు వైపులా కుట్టాక తిరగెయ్యాల్సి వచ్చింది. ఇటు నేను, అటు అది. ఒకటి, రెండు అంది. మూడు అనకుండా భుజానికి ముక్కు రుద్దుకుంది. నేనే అన్నాను. తిరగేశాం. ఆఖరి మూల కుడుతుంటే ఆ యజమాని తలుపు బాదాడు. తర్వాత నీకు తెలుసు. ఒక్క ముక్క మాత్రం నీకు తెలియదు. మర్నాడు పొద్దున అది పడవల టిక్కెట్లకి నీతో కిందికి దిగినప్పుడు, ఆ పరుపుని నేనొక్కదాన్నే తిరగెయ్యాలని చూశాను. సగం లేచింది. మీద పడింది. దాని కింద కాసేపు పడుకుని ఆలోచించాను. దబ్బనానికి ఇది చెప్పకు.

దాని బట్టలూ కప్పూ మొదటి నుంచే నా సంచిలో ఎందుకున్నాయంటావేమో. ఉత్తరం పోస్టు చెయ్యడానికి తెచ్చుకున్నదాన్ని బట్టలు ఎందుకు తెచ్చాను? నన్నడిగితే ఏం లాభం. సంచి సర్దింది నా చేతులు, నన్ను అడిగి సర్దలేదు.

కొట్టుకి కొత్త బోర్డు రాయించాను. ఇక్కడ ఒంటి పరుపులు మాత్రమే కుట్టబడును, జంట పరుపు కావలసినవారు రెండు కొని దగ్గరకు జరుపుకోగలరు, అని. గడియారాల మామయ్య చదివి నీళ్లు నిండిన కళ్లతో, "బోర్డు కాస్త వంకరగా ఉంది" అన్నాడు. నిన్న కొత్తగా పెళ్లయిన జంట ఒకటి వచ్చింది. బోర్డు చదివి మొహాలు చూసుకున్నారు.

"మధ్యలో గీత ఉంటుంది కదండీ" అన్నాడు పెళ్లికొడుకు.

"ఉంటే మంచిదే నాయనా. దెబ్బలాడుకున్నప్పుడు పనికొస్తుంది."

అతను సరేనన్నాడు. ఆ పిల్ల మాత్రం వెళ్లకుండా అక్కడే నిలబడి గోడకి ఆనించిన పాత జంట పరుపు మీద చెయ్యి వేసి నొక్కుతోంది. వదలదు. చివరికి ఒక్కటంటే ఒక్కటి ఒప్పుకున్నాను. జూన్ ఆఖరి ఆదివారానికి ఇస్తానన్నాను.

దబ్బనానికి చెప్పు. దూది నేనే ఏకుతాను, నాలుగు మూలలూ నేనే కుడతాను. ఆ ఆదివారం పొద్దున బస్సుకి వచ్చి, తిరగేసి, సాయంత్రం బస్సుకి వెళ్లిపొమ్మను.

నీలం చారల దిండు దానికిచ్చెయ్. బస్సులో మెడ పడుతుంది.

అమ్మ